ప్రశ్నలో ప్రశ్న, వానలెక్కలో సున్నా

డేటాబేసుల గురించి తెలుగులో రాస్తే ఎవరు చదువుతారని ఒక మిత్రుడు అడిగాడు. ఎవరూ చదవకపోయినా నాకు పోయేదేం లేదు గానీ, ఈ సంగతి మాత్రం చాన్నాళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉంది. రాసేస్తే ఓ పనైపోతుంది. విషయం సబ్‌క్వెరీలు. డేటాబేసు లోపలుండే క్వెరీ ప్లానరు వాటినెలా వేగంగా నడిపిస్తుంది, ఆ పని దాన్ని చెయ్యనివ్వకుండా మనమే చేత్తో చేస్తే ఏమవుతుంది అన్నది. ఉదాహరణలన్నీ మా ఊరి వానలవే. లెక్క తప్పితే ఎవరి కొంప మునుగుతుందో నాకు బాగా తెలిసిన లెక్క అదొక్కటే మరి.

మాది రాయదుర్గం. అనగానే హైదరాబాదు వాళ్ళు "ఓ, హైటెక్ సిటీ పక్కనా?" అంటారు. కాదండీ బాబూ. 2019 నవంబరులో మెట్రో రైలు వచ్చింది ఆ రాయదుర్గానికి. మాది అనంతపురం జిల్లా రాయదుర్గం. కొండమీద కోట, ఊళ్ళో జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్లు, కాస్త పడమటికి పోతే కర్ణాటక. నైరుతి వానల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య వానలు తూర్పు తీరం నుంచి మా దాకా వచ్చేసరికి నీరసపడతాయి. జిల్లా మొత్తానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడితే అది మంచి ఏడే. అందులో కూడా ఎంత పడిందన్న దానికన్నా ఎప్పుడు పడిందన్నదే ముఖ్యం. శెనక్కాయ విత్తడానికి పదును కావాలి, విత్తాక మూడు వారాలు మొహం చాటెయ్యకుండా ఉండాలి.

సరే, అసలు విషయానికొద్దాం.

ఎస్క్యూఎల్‌లో మనకి ఏం కావాలో చెప్తాం గానీ, ఎలా తేవాలో చెప్పం. ఆ 'ఎలా' అన్నది ప్లానరు చూసుకుంటుంది. ఏ పట్టిక ముందు చదవాలి, ఏ ఇండెక్సు వాడాలి, రెండు పట్టికల్ని ఎలా కలపాలి, ఇదంతా దాని తలనొప్పి. ఇక సబ్‌క్వెరీ అంటే ప్రశ్న కడుపులో ఇంకో ప్రశ్న. మనుషులు సహజంగా అలాగే అడుగుతారు. "తన మండలం సగటు కన్నా ఎక్కువ వాన పడిన రోజులేవి?" అని అడిగామనుకోండి. బయటి ప్రశ్న రోజుల గురించి. లోపలి ప్రశ్న "ఆ మండలం సగటు ఎంత?" అని. ఈ 'ఆ' ఉంది చూశారూ, అదే ముడి. లోపలి ప్రశ్నకి బయటి వరసతో సంబంధం ఉంది. దీన్ని కోరిలేటెడ్ సబ్‌క్వెరీ అంటారు.

ఇందులో కష్టం ఎంతో అంకెల్లో చూద్దాం. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా చీలకముందు ఉమ్మడి అనంతపురంలో 63 మండలాలుండేవి. మండలానికి రోజుకో వరస చొప్పున 30 ఏళ్ళ వానలెక్క రాస్తే 6,89,850 వరసలు. చిన్న పట్టికే. ఇప్పుడు మనం అడిగిన ప్రశ్నని ఉన్నదున్నట్టు నడిపిస్తే, ప్రతి వరసకీ ఒకసారి ఆ మండలం సగటు లెక్కగట్టాలి. ఇండెక్సు లేకపోతే ప్రతిసారీ పట్టికంతా చదవాలి. 6.9 లక్షలు ఇంటూ 6.9 లక్షలు. 47 వేల కోట్లు దాటుతుంది. తమాషా ఏంటంటే అసలు కావలసిన సగటులు 63 మాత్రమే! రాయదుర్గం సగటు ఒకటే, మారదు. దాన్ని మనవాడు 10,950 సార్లు కొత్తగా కనుక్కుంటాడు.

మా ఊళ్ళో ప్యాంట్లు కుట్టేవాళ్ళెవరూ ఇలా చెయ్యరు. ఒక ప్యాంటు చేతిలోకి తీసుకుని, దీనికి జిప్పు కావాలి అని బజారుకి పోయి ఒక్క జిప్పు తెచ్చి, కుట్టి, రెండో ప్యాంటు తీసుకుని మళ్ళీ బజారుకి పోతే ఆ షెడ్డు వారం నడవదు. ఏ సైజువి ఎన్ని కావాలో ముందే చూసుకుని ఒక్కసారే తెచ్చి, సైజుకో డబ్బాలో పోసి పెట్టుకుంటారు. ప్యాంటు రాగానే డబ్బాలో చెయ్యి పెట్టడమే. ప్లానరు చెయ్యాల్సింది కూడా ఇంతే. మండలాలవారీగా 63 సగటులు ఒక్కసారి కట్టి, హ్యాష్ పట్టికలో పెట్టుకుని, వరసలన్నిటితో ఒక్కసారి జాయిన్ చెయ్యడం. ఈ ముడి విప్పడాన్నే డీకోరిలేషన్ అనీ, అన్‌నెస్టింగ్ అనీ అంటారు.

ఇదేం కొత్త ఆలోచన కాదు. ఐబీఎం వాళ్ళ సిస్టమ్ ఆర్ గురించి 1979లో పట్రీషియా సెలింజర్, ఆవిడ సహచరులు రాసిన పేపరు ఇవాళ్టి ప్లానర్లన్నిటికీ ముత్తవ్వ లాంటిది. లోపలి ప్రశ్నని బయటి ప్రతి వరసకీ మళ్ళీ వెయ్యాల్సి వస్తుందని అందులో ఉంది. బయటి వరసలు క్రమంలో ఉంటే, కిందటి విలువే మళ్ళీ వచ్చినప్పుడు పాత జవాబునే వాడుకోవచ్చన్న చిట్కా కూడా అందులోనే ఉంది. ఇలా పాత జవాబుల్ని గుర్తుపెట్టుకునే పద్ధతే 2021లో పోస్ట్‌గ్రెస్ 14లో నెస్టెడ్ లూప్ జాయిన్ల కోసం మెమొయిజ్ అన్న పేరుతో వచ్చింది. మంచి ఆలోచనలకి ముసలితనం రాదు :-)

వేగం సంగతి ఇంతే. ఇక్కడిదాకా పుస్తకాల్లో ఉన్నదే. నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు మొదలవుతుంది.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో పంటల బీమాకి సంబంధించిన లెక్కలు మా జట్టు చేతికొచ్చాయి. అందులో ఒక రిపోర్టు ఉండేది. విత్తాక ఒక మూడు వారాల గడువు, ఆ గడువులో పాలసీ ఉన్న మండలంలో వాన పడిన రోజులు 3 కన్నా తక్కువైతే ఆ పాలసీ జాబితాలోకి రావాలి. వాన పడిన రోజంటే 2.5 మిల్లీమీటర్లు, ఆపైన. వాతావరణ శాఖ వాళ్ళ కొలత అదే. క్వెరీ రాసినవాడెవరో గానీ సరిగ్గా రైతు అడిగినట్టే రాశాడు. ప్రతి పాలసీకీ, ఆ మండలంలో ఆ గడువులో వానరోజులెన్నో కౌంట్ చెయ్యి, మూడు కన్నా తక్కువైతే ఇవ్వు. జవాబు తప్పు లేదు. కానీ లక్షల పాలసీలు, లక్షల వానవరసలు. రెండు గంటలు పట్టేది.

ఒక సీనియరు దాన్ని చేత్తో విప్పాడు. వానరోజుల్ని మండలాలవారీగా గ్రూప్ చేసి ముందే కౌంట్ కట్టాడు. ఆ ఫలితాన్ని పాలసీల పట్టికతో జాయిన్ చేశాడు. రెండు గంటల రిపోర్టు నిమిషంలోపు వచ్చేసింది. పాత జవాబుతో పోల్చారు, అక్షరం తేడా లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ వారమే మా చిన్నాయనకి ఫోన్ చేశాను.

"వానలెట్లున్నాయి చిన్నాయనా?"

"యాడి వానరా? మోడం పడతాది, పోతాది. విత్తినప్పట్నుంచీ చుక్క రాల్లేదు."

మర్నాడు ఆఫీసులో ఆ కొత్త జాబితా తెరిచి ఊరికే రాయదుర్గం కోసం వెతికాను. లేదు. ఒక్క వానరోజున్న మండలాలు ఉన్నాయి, రెండున్నవి ఉన్నాయి. అసలు వానే పడని మా మండలం లేదు!

ఎందుకో అర్థమయ్యే ఉంటుంది. గ్రూప్ చెయ్యాలంటే కనీసం ఒక్క వరసైనా ఉండాలి. 2.5 దాటిన రోజు ఒక్కటీ లేని మండలానికి గ్రూపే తయారవదు. సున్నా అని రాసిన చీటీ కూడా ఉండదు, అసలు చీటీయే ఉండదు. జాయిన్ చేసేసరికి ఆ మండలం పాలసీలన్నీ నిశ్శబ్దంగా రాలిపోయాయి. పాత క్వెరీలో మాత్రం లోపలి కౌంట్ 'సున్నా' అని జవాబిచ్చేది, సున్నా మూడు కన్నా తక్కువే కాబట్టి పాలసీ వచ్చేది. మరి పోల్చినప్పుడు ఎందుకు దొరకలేదు? వాళ్ళు పోల్చిన టెస్టు డేటా కోస్తా జిల్లాలది. అందులో ఒక్క వానరోజైనా లేని మండలమే లేదు.

జాబితా ఇంకా బయటికి పోలేదు కాబట్టి సరిపోయింది, అరగంటలో సరిచేశారు. పోయుంటే? ఎర్రర్ రాదు, లాగులో ఎర్రగా ఏమీ కనపడదు. కొద్దిగా ఎండినవాళ్ళకి డబ్బులొచ్చేవి, పూర్తిగా ఎండినవాళ్ళకి రాకపోయేవి. అదీ నిమిషంలోపు :-(

ఆ సీనియరుని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. అచ్చం ఇదే పొరపాటు ఈ రంగానికి పునాది వేసిన పేపర్లోనే ఉంది. సబ్‌క్వెరీల్ని రకాలుగా విడగొట్టి, ఒక్కో రకాన్నీ జాయిన్‌గా ఎలా మార్చాలో 1982లో వాన్ కిమ్ రాశాడు. గొప్ప పేపరది. కానీ లోపలి ప్రశ్నలో కౌంట్ ఉంటే ఆయన మార్పు సున్నాల్ని మింగేస్తుందని రెండు మూడేళ్ళకి వెర్నర్ కీస్లింగ్ పట్టుకున్నాడు. 1987లో గాన్‌స్కీ, వాంగ్ ఇద్దరూ దానికి అవుటర్ జాయిన్‌తో మందు చెప్పారు. డేటాబేసుల సాహిత్యంలో ఈ పురుగుకి ఏకంగా 'కౌంట్ బగ్' అని పేరే పడిపోయింది. అంతటివాళ్ళు కాగితం మీద తీరిగ్గా ఆలోచించి రాసినదాంట్లోనే దొర్లితే, రిలీజు ముందురోజు రాత్రి పదకొండింటికి మనం చేత్తో విప్పేదాంట్లో దొర్లదా?

మందు వెయ్యడంలో కూడా ఒక మెలిక ఉంది. పాలసీల్నీ వానరోజుల్నీ అవుటర్ జాయిన్ చేసి, ఆ తర్వాత వరసలన్నిటినీ కౌంట్ చేస్తే, వాన పడని మండలానికి కూడా జాయిన్ వేసిన ఒక ఖాళీ వరస ఉంటుంది కదా, దాన్నీ లెక్కపెట్టి '1' అంటుంది. సున్నా మాయమవడం ఒక అబద్ధమైతే, సున్నా ఒకటవడం ఇంకో అబద్ధం. వరసల్ని కాకుండా వానపట్టికలోని గడిని కౌంట్ చెయ్యాలి. ఇలాంటివి గుర్తుపెట్టుకోవడం మనుషులకన్నా యంత్రానికే సులువు.

ఇంకో గొయ్యి 'నాట్ ఇన్'. "వాన పడిన మండలాల జాబితాలో లేని మండలాలేవి?" అని అడిగారు. వానపట్టికలో ఎక్కడో ఒక వరసలో మండలం కోడు రాయడం మర్చిపోయారు, అది నల్. అంతే, జవాబు ఖాళీ! జిల్లాలో వానలేని మండలమే లేదన్నమాట. ఎందుకంటే ఎస్క్యూఎల్‌లో అవును, కాదుతో పాటు 'తెలీదు' అన్న మూడో జవాబుంది. రాయదుర్గం ఆ జాబితాలో లేదని గట్టిగా చెప్పగలవా? ఆ ఖాళీ గడి రాయదుర్గానిదే అయ్యుండొచ్చుగా, కాబట్టి తెలీదు. తెలీనిదాన్ని ఇవ్వదు. ఒక్క గుమాస్తా ఖాళీ వదిలిన గడి మొత్తం కరువుని చెరిపేస్తుంది.

అందుకే ప్లానర్లు రాసేవాళ్ళు నాట్ ఇన్ దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు. 2009లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 8.4, నాట్ ఎగ్జిస్ట్స్‌ని యాంటీ జాయిన్‌గా మార్చడం నేర్చుకుంది. నాట్ ఇన్‌ని మాత్రం ముట్టుకోలేదు. రెండూ ఒకటే అనుకునేవాళ్ళకి అది చాదస్తంలా కనిపిస్తుంది. నల్ ఉన్నప్పుడు రెండూ ఒకటి కావు, మారిస్తే జవాబు మారిపోతుంది. ఒరాకిల్ వాళ్ళు 11జీలో ఇంకో దారి పట్టారు. నల్ సంగతి తెలిసి జాగ్రత్తగా నడిచే యాంటీ జాయిన్ ఒకటి ప్రత్యేకంగా కట్టారు. ఆ వివరాలతో 2009 వీఎల్‌డీబీ సదస్సుకి రాసిన పేపరుకి మొదటి రచయిత శ్రీకాంత్ బెల్లంకొండ. ఆ ఇంటిపేరు గురించి తెలుగువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు కదా. ఒకదాన్ని పోలిన సబ్‌క్వెరీలు రెండుంటే కలిపెయ్యడం, కొన్నిటిని విండో ఫంక్షన్లతో అసలు లేకుండా చేసెయ్యడం కూడా అందులో ఉన్నాయి. వీలైతే చదవండి.

మరి ఇంత పని ప్లానరు చేస్తుంటే మనవాళ్ళు చేత్తో ఎందుకు విప్పుతారు? అలవాటు. మైఎస్క్యూఎల్‌తో పెరిగిన తరం మనది. 4.1 దాకా అందులో సబ్‌క్వెరీలే లేవు. వచ్చాక కూడా, ఇన్ లోపల రాసిన మామూలు సబ్‌క్వెరీని సైతం అది కోరిలేటెడ్‌గా మార్చి ప్రతి వరసకీ నడిపేది. 2013లో 5.6 వచ్చేదాకా ఇదే బాధ. దాంతో "సబ్‌క్వెరీ రాయకు, జాయిన్ రాయి" అన్నది ఒక సామెతై కూర్చుంది. ఇంటర్వ్యూల్లో అడుగుతారు, కోడు రివ్యూల్లో కొట్టేస్తారు. రోగం పోయి పుష్కరం దాటినా పథ్యం మాత్రం నడుస్తూనే ఉంది. ఆ పథ్యానికి ఫలితం ఇంకోటి కూడా చూస్తుంటాం. ఇన్‌ని మామూలు జాయిన్ చేస్తే, రాయదుర్గంలో ఎన్ని వానరోజులుంటే అన్నిసార్లు రాయదుర్గం వస్తుంది. దాన్ని కప్పిపుచ్చడానికి పైన ఒక డిస్టింక్ట్ తగిలిస్తారు. ప్లానరు అయితే సెమీ జాయిన్ వేస్తుంది, ఒక్క వానరోజు దొరకగానే చాలని ఆగిపోతుంది.

కాబట్టి నా మాట ఇది. ప్రశ్న ఎలా పుడితే అలా రాయండి. ముడి విప్పే పని ప్లానరుకి వదిలెయ్యండి. అది నెమ్మదిగా ఉంటే బాగుచెయ్యాల్సింది ప్లానర్ని, మన ప్రశ్నని కాదు. ఎందుకంటే ప్లానర్లో ఒకసారి సరిగ్గా విప్పితే ప్రపంచంలో ప్రతి క్వెరీకీ సరిగ్గా విప్పినట్టే. చేత్తో విప్పితే ప్రతివాడూ ప్రతిసారీ ఆ గోతి పక్కనుంచే నడవాలి.

"అన్నిటినీ ప్లానరు విప్పలేదుగా?" అంటారు. నిజమే, చాలా ఏళ్ళు అదే పరిస్థితి. ఫలానా ఆకారంలో ఉంటే విప్పుతాను, లేకపోతే లేదు అనేవి. 2015లో మ్యూనిక్ నుంచి థామస్ నాయ్‌మాన్, ఆల్ఫాన్స్ కెంపర్ ఎలాంటి కోరిలేటెడ్ సబ్‌క్వెరీనైనా విప్పే ఒక సాధారణ పద్ధతి చూపించారు. కిటుకు సులభంగా చెప్పాలంటే, బయటి పట్టికలో వేర్వేరు విలువలు ఏవేవున్నాయో ముందు ఏరుకోవడం. మన ఉదాహరణలో ఆ 63 మండలాలు. వాటన్నిటికీ కలిపి లోపలి ప్రశ్నని ఒకేసారి నడిపి, ఆ తర్వాత బయటి వరసలతో కలపడం. జాబితా బయటి పట్టిక నుంచి మొదలవుతుంది కాబట్టి వాన పడని మండలం కూడా అందులో ఉంటుంది, కౌంట్ దగ్గర అవుటర్ జాయిన్ దాని సున్నాని కాపాడుతుంది. డక్‌డీబీ ఈ దారిలోనే నడుస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో వేసుకుని పరీక్షించొచ్చు.

అలాగని ముడి కనిపిస్తే చాలు విప్పెయ్యడం కూడా తెలివి కాదు. నాకు ఒక్క రాయదుర్గం పాలసీల్లో పది మాత్రమే కావాలి, వానపట్టిక మీద మంచి ఇండెక్సుంది. అప్పుడు రాష్ట్రమంతటికీ గ్రూప్ కట్టడం కన్నా, పదిసార్లు ఇండెక్సులోకి పోయిరావడమే చవక. ఒక్క ప్యాంటుకి జిప్పు పోతే ఎవరైనా డబ్బా నిండా తెస్తారా? కాబట్టి విప్పిన రూపం, విప్పని రూపం రెండిటికీ ఖర్చు కట్టి ఏది తక్కువో అది ఎంచుకోవాలి. ఒకవేళ విప్పలేకపోతే ఎందుకు విప్పలేకపోయిందో ఎక్స్‌ప్లెయిన్‌లో ఒక్క ముక్క చెప్తే ఇంకా పుణ్యం. 'ఈ గడిలో నల్ ఉండొచ్చు, అందుకే ఆగాను' అని చెప్తే, మనం పోయి ఆ గడికి నాట్ నల్ పెట్టుకుంటాం. ఈ చిన్న సాయం కోసం నేను చాన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నాను.

ఇదంతా డేటాబేసు పిచ్చివాళ్ళ గోల అనుకునేవాళ్ళకి ఒక మాట. మా జిల్లాలో ఎవరికి ఏ సాయం అందాలన్నా మండలం ఏదన్నదే ముందు చూస్తారు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే. కరువు మండలంగా ప్రకటిస్తే ఆ పథకంలో 100 రోజుల పైన ఇంకో 50 రోజులు పని ఇచ్చే వెసులుబాటు ఉండేది. యాభై రోజుల కూలి అంటే కొన్ని ఇళ్ళలో వలస పోవడానికీ పోకపోవడానికీ మధ్య తేడా. మండలం పేరు జాబితాలో ఉందా లేదా అన్నది చివరికి ఎక్కడో ఒక క్వెరీ తేల్చేదే అయినప్పుడు, ఆ క్వెరీలో సున్నా నిలబడిందా లేదా అన్నది నాకు చిన్న విషయంగా అనిపించదు.

చేత్తో విప్పక తప్పని రోజు ఎవరికైనా వస్తుంది. పాత డేటాబేసు, తెల్లారితే డెడ్‌లైను, అర్థం చేసుకోగలను. అప్పుడు ఒక పని చెయ్యండి. టెస్టు డేటాలో మూడు రకాల వరసలు కావాలని వెయ్యండి. వానరోజు ఒక్కటీ లేని మండలం ఒకటి. మండలం కోడు ఖాళీగా ఉన్న వానవరస ఒకటి. ఒకే మండలానికి చాలా వానరోజులున్న వరసలు కొన్ని. పాత క్వెరీ, కొత్త క్వెరీ ఈ మూడింటి మీదా ఒకే జవాబిస్తే అప్పుడు చప్పట్లు కొట్టండి. వాన పడని ఆ మండలానికి పేరు మీ ఇష్టం. నేను మాత్రం రాయదుర్గం అనే పెట్టుకుంటాను.